దిగని చెయ్యి

మెడలో కొలత టేపు లేకుండా ఆమెను చూసినవాళ్లు లేరు. అందుకే వీధికంతా ఆమె టేపక్క. కొట్లో కుట్టు మిషన్ ఆమెది, పక్కన ఇస్త్రీ బల్ల మొగుడిది, గుండీలు కుట్టే పని ఆమె తమ్ముడిది. తమ్ముడికి స్కిజోఫ్రీనియా. ఎవరికీ వినిపించని గొంతులతో రోజంతా వాదిస్తూనే ఉంటాడు గానీ, వాడు కుట్టిన గుండీ బట్ట చిరిగినా ఊడదు.

బడి యూనిఫాంల కొలతలకని టేపక్క నాలుగు రోజులు పొరుగూరు వెళ్లింది. రోజూ ఫోన్ చేస్తే మొగుడిది ఒకటే మాట: "వాడా? కుక్కిన పేనులా పడున్నాడు. నీ పని నువ్వు చూసుకో." పిచ్చిది, నమ్మింది. కంటినిండా నిద్ర కూడా పోయింది.

తిరిగొచ్చేసరికి తమ్ముడు స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. పిలిస్తే పలకలేదు. పెదాలు ఎండి పగిలాయి, చొక్కా వదులైపోయింది. ఎంత చిక్కాడో చూద్దామని వాడి చెయ్యి పైకెత్తి, ఛాతీ కొలిచి వదిలేసింది. చెయ్యి దిగలేదు. గాలిలో అలాగే ఉండిపోయింది.

ఇరవై ఏళ్లలో ఎన్ని వేల చేతులెత్తించి ఉంటుందో, ఇలాంటిది ఒక్కటీ చూడలేదు. నిరుడు ఆసుపత్రిలో నర్సు చెప్పిన మాట గుర్తొచ్చింది: "ఉన్నట్టుండి మాట, తిండి, కదలిక మానేసి, ఎలా పెడితే అలా ఉండిపోతే నెమ్మదించాడనుకోకండమ్మా. దాన్ని కెటటోనియా అంటారు. ప్రాణం మీదికి వస్తుంది, ఆ రోజే తీసుకురండి." అప్పుడు మొగుడు పక్కనే నిలబడి తలకాయ ఊపాడు కూడా.

ఆసుపత్రిలో డాక్టరమ్మ అడిగింది. "ఎన్నాళ్లయింది ఇలా? సరిగ్గా చెప్పండి, దాన్నిబట్టే వైద్యం."

"ఇవాళ పొద్దుటి నుంచేనండి," అన్నాడు మొగుడు.

టేపక్క ఆ మాట కూడా నమ్మింది. నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలయ్యాయని ఊరికే అనలేదు.

సెలైన్ ఎక్కించి సూది వేశారు. గంట తర్వాత తమ్ముడి కళ్లు కదిలాయి. చెంచాతో పోసిన నీళ్లు మింగాడు.

"అక్కా," అన్నాడు, ఒక్కో మాటా కూడదీసుకుంటూ. "నాకన్నీ వినపడ్డాయి. ఇలాగే ఉంటే ఎంత హాయో అన్నాడు బావ. మూడు రోజులూ ఇస్త్రీ చొక్కాలు నా చేతికే తగిలించాడు."

టేపక్క లేచి డాక్టరమ్మ దగ్గరికి నడిచింది.

"మూడు రోజులమ్మా. ఆయన చెప్పింది కొట్టేసి రాసుకోండి."