ఫిర్యాదు ఆగిన చోటు

రాయగడలో మా నాన్న నీళ్ల వాల్వులు తిప్పుతాడు. ఏ వాల్వు ఎన్నింటికి తిప్పాడో ఆ వాల్వు గుంత మూత మీద సుద్దముక్కతో రాస్తాడు. నాకది చిన్నప్పటి నుంచీ చాదస్తంగానే కనిపించేది.

ఒకరోజు ఆయనకు ఆఫీసు నుంచి మెమో వచ్చింది. ముందురోజు ఉదయం ఏడింటికి ఎవరో ఫోనులో పెట్టిన ఫిర్యాదుకు రెండు గంటలు దాటాక వెళ్లాడట, సాయంత్రంలోగా సంజాయిషీ ఇవ్వాలట. ఆయన ఫోనుకు కబురొచ్చిందే తొమ్మిదింటికి. మూత మీద తొమ్మిదీ ఇరవై అని ఉంది. ఫిర్యాదులు తీసుకునే ఆ వెబ్ అప్లికేషన్ మా కంపెనీది, రాసింది నేను. ఇంట్లో కూర్చునే పని చేస్తాను కాబట్టి మెమో తెచ్చి నా కీబోర్డు పక్కనే పెట్టాడు.

నాకు కాలు నిలవలేదు. ట్రేసింగ్ పెట్టడం మొదలుపెట్టాను. లోపలికొచ్చిన ప్రతి ఫిర్యాదుకూ ఒక గుర్తు ఇచ్చి, ఏ మెట్టులోకి ఎప్పుడు వెళ్లిందో, ఎప్పుడు బయటపడిందో రాసిపెట్టే ఏర్పాటది. ఎప్పుడో పెట్టాల్సింది, బద్ధకించాను. పెడితే తెర ఖాళీ. గంటసేపు నన్ను నేనే తిట్టుకున్నాక తెలిసింది, అప్లికేషన్‌ను నడిపే ఫ్రేమ్‌వర్క్ మొదలయ్యాక ట్రేసింగ్‌ను మొదలుపెడుతున్నానని. వచ్చేవాళ్లను చూడాలంటే ముందే గుమ్మంలో ఉండాలి కదా. ట్రేసింగ్ మొదలుపెట్టే కోడు వరుసను ఫైల్లో అన్నిటికన్నా పైకి తెచ్చాను. ఈసారి పది ఫిర్యాదుల్లో ఒకటే కనబడింది. నమూనాకు అంతే చాలని సెట్టింగు. అన్నీ రాయమని మార్చాను.

"కూకోవేటమ్మీ, ఇల్లంతా కొలుస్తన్నావు," అన్నాడు నాన్న.

నిన్నటి ఫిర్యాదునే మళ్లీ పంపాను: "మా వీధికి పాణి నాహీ, రేపైనా ఇడుస్తారా?" పాణి నాహీ అంటే నీళ్లు లేవని. సగం తెలుగు, సగం ఒడియా. ఇక్కడ అందరం అలాగే రాస్తాం. తీసుకోవడం, దాచడం క్షణంలో అయిపోయాయి. అనువాదం దగ్గర ఆగింది. అధికారి కోసం ఇంగ్లీషులోకి మార్చే మెట్టది. ఏ భాషో తేలకపోతే రెండు గంటలాగి మళ్లీ చూడమని, అప్పుడూ తేలకపోతే ఉన్నదున్నట్టు పంపమని అందులో రాసింది నేనే. ఈ ఊళ్లో పుట్టి, ఈ మాటలే మాట్లాడుతూ, రెండు భాషలూ కలిసే వస్తాయన్న సంగతి నాకు తట్టలేదు. సిగ్గేసింది.

"తప్పు నాది నాన్నా. మీ ఆఫీసుకు మెయిల్ రాసేసేను."

"పంపేసేవా?"

"ఇంకా లేదు."

"పంపకు. నాకు మెమోలు కొత్తేటి? నీకు ఉద్యోగం కొత్త."

సైకిలు పంక్చరైందని సంజాయిషీ రాసి సంతకం పెట్టాడు. నేను వద్దనలేదు. గంటలో ఆ మెట్టు సరిచేశాను.

ఇప్పుడు ఫిర్యాదులు నిమిషంలో చేరుతున్నాయి. ఆయన ఫైల్లో మాత్రం సైకిలు పంక్చరైనట్టే ఉంది. నా మెయిల్ ఇంకా డ్రాఫ్టుల్లోనే ఉంది.