మా ఏరాలు పట్టిన జోలె

మొన్న ఐతారం పొద్దుగాల మెట్‌పల్లిల మా ఏరాలు కన్ను మూసింది. మా ఆయినకు వదినె, నాకు అక్క వరుస. పోయినోళ్ల గురించి మంచే చెప్పాలంటరు. దానికి నాకు ఫికర్ లేదు, ఆమెల ఉన్నదంత మంచే. అదే నాకు కడుపుల మంట. ఆమె బతికున్నన్ని దినాలు ఆమెను చూసి ఓర్వలేకపోయిన. ఇయ్యాల గూడ గదే మనసుతోని చెప్తున్న.

మాది మగ్గం నేసే ఇల్లు. మా బావ, అంటే ఆమె పెనిమిటి, దగ్గి దగ్గి రక్తం కక్కుకొని పోయిండు. క్షయకు మందుంటదని అప్పుడు మా గల్లీల ఎవలకూ ఎరుక లేదు. బొట్టు తీసిన మనిషి ఇగ మూలకు కూసుంటదనుకున్నం. ఆమె కూసోలే. పొద్దంత కండెలు చుట్టి, మాపటికి కొంగు నడుముకు చెక్కి గల్లీ తిరిగేది. దగ్గు ఇనబడ్డ ఇంటి ముంగట నిలబడి "ఎన్నొద్దులాయెనే?" అని అడిగేది. "దగ్గు ఒక్కలది గాదు, గల్లీది" అనేది. మా ఇంటికొస్తే నా కూర అరచేతిల ఏసుకొని నాకి, "జర ఉప్పు తక్కువైంది చెల్లె" అనేది. నిజంగనే తక్కువుండేది. అదీ నాకు మంటనే.

బావ పోయిన కొన్నేండ్లకు మా ఆయినకు అదే దగ్గు పట్టింది. నేనెంత బతిమిలాడినా గంజి ముట్టకపోయేటోడు. ఆమె వచ్చి "తమ్మీ, మీ అన్న లెక్క జేస్తవా? తాగు" అంటే గటగట తాగేటోడు. నేను తలుపు కాడ నిలబడి చూసేదాన్ని. నా మొగడు బతకాలె, గని నా చేతి గంజితోని బతకాలె అనుకునేదాన్ని.

దవాఖాన డాక్టరు సాబ్ అన్నడు, "సూదులు నేనిస్త. గని గీ రోగులను అందరి నడుమ ఉంచలేను. దవాఖాన ఎనుక ఇడిగ ఒక అర్ర కట్టిస్తే ఆడనే నెలల కొద్ది పెట్టుకుంట."

ఆమె పాత దుప్పటిని జోలె చేసింది. "శివరాత్రికి వేములవాడ పోదాం. లోకమంత ఆడికే వస్తది. సిగ్గుపడితే జోలె నిండదు" అన్నది. గల్లీ ఆడోళ్లం కొందరం ఆమె ఎంట పోయినం.

ఆడ నేనే ముందు నిలబడ్డ. నేను జర సదువుకున్నదాన్ని, ఆమెది వేలిముద్ర. క్షయ అంటే ఏంది, ఎట్ల అంటుకుంటది, అంత ఇవరంగ చెప్పిన. జనం ముక్కుకు కండువ అడ్డం పెట్టుకొని పక్కకు జరిగిండ్రు. గుడిల కోడెను కట్టి మొక్కు చెల్లించొచ్చిన రైతొకాయన నా మీదికే వచ్చిండు. "దేవునికి తెచ్చిన పైసలు రోగానికెందుకు ఏస్తం?"

ఆమె ముందుకొచ్చింది.

"అన్నా, నువ్వేం మొక్కుకున్నవ్?"

"నా కొడుకు పానం మంచిగుండాలని."

"మేమూ గదే అడుగుతున్నం. ఇంకో అవ్వ కొడుకు కోసం."

ఆయన రుమాలు ముడి ఇప్పిండు. ఎనుకున్నోళ్లూ ఇప్పిండ్రు. "అక్కా, ఇటు పట్టు" అని చేతులన్ని ఆమె జోలె దిక్కే. నా కొంగుల ఏం పడలే. ఆ పైసలు నా మొగని కోసమే, అయినా నా కండ్లల్ల నీళ్లు తిరిగినయ్. అవి సంతోషం నీళ్లు గావు.

అట్ల జాతరలు, అంగళ్లు తిరిగి తిరిగి అర్ర లేపినం. దీపం ముట్టించుమని డాక్టరు ఆమెను పిలిచిండు. "బొట్టు లేనిదాంతోనా?" అని ఎనుక నుంచి ఎవలో గొణిగిండ్రు. ఆమె ఇన్నది. మొఖం మార్చలే. "తొలి మంచం ఎక్కేది నా మరిది. నా చెల్లె ముట్టిస్తది" అని అగ్గిపెట్టె నా చేతిల పెట్టింది. ముట్టించిన. జనం మాత్రం ఆమెనే చూసిండ్రు. ఇచ్చే గుణం గూడ దేవుడు ఆమెకే ఇచ్చిండు.

మా ఆయిన ఆ అర్రలకెల్లి నడుసుకుంట ఇంటికొచ్చిండు. మల్ల మగ్గం ఎక్కిండు. ఒకపారి ఆమె, నేను కండెలు చుట్టుకుంట కూసున్నప్పుడు అడిగిన, "అక్కా, నీకు ఎన్నడన్న ఎవల మీదన్న మంటయితదా?"

రాట్నం ఆపలే. "కాకేంది చెల్లె? నీ మొగనికి గంజి తాపిన నాడూ అయింది, నడిచొచ్చిన నాడు మస్తయింది. నా మొగనికి గా అర్ర లేకపాయె గదా."

గా మాటతోని నా మంట ఆరిందనుకోకుండ్రి. నా దానికన్న ఆమెదే పెద్దది. గంత మంట లోపల పెట్టుకొని గూడ నా మొగనికి గంజి తాపింది. నాతోనైతే కాకపోవు.

ఐతారం నాడు పాడె ముందు కొన మా ఆయిన పట్టిండు. మార్చుకుంటమని ఎంతమంది చెయ్యి చాపినా భుజం దించలే. నా కోసం గట్ల మోస్తడో లేదో. గడప కాడ నిలబడి, గల్లీ మలుపు తిరిగెదాక చూసిన. ఆయిన ఒక్కపారి గూడ దగ్గలే.