ఎగ్ బోండాలో భూగోళం

నోరు జారి ఉద్యోగం పోగొట్టుకున్నవాళ్లు లోకంలో చాలామంది ఉన్నారు. నేను నోరు మూసుకుని పోగొట్టుకున్నాను, అదీ ఒక ఎగ్ బోండా మీద. చెబుతాను వినండి, కానీ ఏదైనా తింటూ చదువుతుంటే మాత్రం ముందు అది మింగేయండి.

అప్పటికి అశోక్‌నగర్‌లో ఆరేళ్లుగా గ్రూప్స్‌కి చదువుతున్నాను. ఆ పరీక్షలు నేను గట్టెక్కలేనని తేలిపోయాక, మా వీధిలో సగంమంది చేసే పనే చేద్దామనుకున్నాను. అంటే, పరీక్ష ఎలా పాసవ్వాలో ఇతరులకు చెప్పడం. చిక్కడపల్లిలో ఒక కోచింగ్ సెంటర్‌కి జాగ్రఫీ సార్ కావాలన్నారు. ఒక డెమో క్లాసు చెప్పాలి, పిల్లలు చీటీల మీద అభిప్రాయం రాస్తారు, అదే తీర్పు. ఈ ఉద్యోగం రాకపోతే రాంనగర్‌లో మా బావ హార్డ్‌వేర్ షాపులో పైపులు కొలవాలి. మా బావ ముందు చేతులు కట్టుకుని నిలబడటం తలుచుకుంటేనే నాకు చెమటలు పట్టేవి.

మా వైపు డెమో క్లాసులు ఉచితం. వాటి చుట్టూ తిరుగుతూనే సిలబస్ మొత్తం పూర్తి చేసిన ఘనులున్నారు. అలాంటివాళ్ల ముందు బోర్డు మీద భూమి పొరలు గుండ్రంగా గీస్తే ఆవలిస్తారు. అందుకే నా బుర్రకు ఎగ్ బోండా తట్టింది. పైన శనగపిండి భూపటలం, తెల్లసొన మధ్య పొర అయిన ప్రావారం, పచ్చసొన కేంద్రం. సగం కొరికి మిగతా సగం చూపిస్తే పొరలన్నీ కనిపిస్తాయి. ఇంత చిన్న సంగతి ఏ శాస్త్రవేత్తకూ తోచనందుకు జాలిపడుతూ, నారాయణగూడలో బండి దగ్గర వేడివేడిగా పొట్లం కట్టించుకుని పరుగెత్తాను.

క్లాసు బ్రహ్మాండంగా సాగింది. బోండా పైకెత్తగానే అరవై మంది నిటారుగా కూర్చున్నారు. అప్పుడు మొదటి బెంచీలోంచి సునీత అనే అమ్మాయి లేచింది.

"సార్, భూమి లోపలి వేడి ఎప్పటికైనా చల్లారుతదా?"

నాకు తెలీదు. తెలీదని ఒక్క మాట అంటే సరిపోయేది.

"దాదాపు చల్లారినట్టే అమ్మా" అన్నాను.

"మరి అగ్నిపర్వతాలు ఎట్ల వస్తున్నయ్ సార్?"

"అది మిగిలిపోయిన పాత వేడి. నేల మీద నడుస్తుంటే నీకు కాళ్లు కాలుతున్నయా? పైన చల్లగుంటే లోపల గూడ చల్లగున్నట్టే." బోండాను చెంపకు ఆనించి చూపించాను. నిజంగానే చల్లగా ఉంది.

"సార్, జర చూసి" అంటోంది సునీత. సగం కొరకాలన్న పథకం మరిచిపోయి, ధీమాగా భూగోళం మొత్తం నోట్లో పెట్టుకున్నాను.

పచ్చసొన నాలుక మీద పేలింది. ఉమ్మేద్దామంటే అరవై మంది చూస్తున్నారు, మింగుదామంటే గొంతుకు అడ్డం పడింది. కళ్లనీళ్లతో, చేతులు గుండ్రంగా తిప్పుతూ వేదిక మీద అటూ ఇటూ తిరిగాను. వెనక బెంచీవాళ్లు అది ప్రావారంలో శిలాద్రవం కదలిక అనుకుని బొమ్మతో సహా నోట్స్ రాసుకున్నారట.

మూలన కూర్చున్న కోచింగ్ సెంటర్ డైరెక్టర్ గారు ఏమైందని అడిగారు. నేను చాక్‌పీసు సునీత వైపు చాచాను. ఆ అమ్మాయి వచ్చి తాపీగా మొదలుపెట్టింది.

"చల్లారుతది, కానీ మస్తు మెల్లగ. రాయి వేడిని జల్ది బయటికి పోనియ్యదు. లోపలున్న రేడియోధార్మిక మూలకాలు కొత్త వేడి పుట్టిస్తనే ఉంటయ్. కోట్ల కోట్ల ఏండ్లు పడ్తది. పైన చల్లగైనా లోపల ఎట్లుంటదో సార్ మనకోసం తిని చూపెట్టిండు."

హాలు చప్పట్లతో మారుమోగింది. నేను నోరు మూసుకునే నమస్కారం పెట్టాను.

డైరెక్టర్ గారు చీటీలు నా చేతికిచ్చి చదవమన్నారు. చాలావాటిలో ఒకటే మాట ఉంది: "సార్ మాట్లాడుడు బంద్ చేసినంక మస్తు సమజైంది." ఉద్యోగం సునీతకిచ్చారు.

ఆ సాయంత్రం చల్లటి మజ్జిగ పుక్కిట పట్టి మనసులోనే శపథం చేశాను. ఇకమీదట దేన్నయినా విప్పి చూడందే దాని లోపలి సంగతి మాట్లాడను. భూమిని విప్పడం నా వల్లయ్యే పని కాదు కనుక, ఆ విషయంలో ఈ జన్మకు నేను మౌనమే.