తేట నీళ్లు

మట్టి టీచరు చేతిసంచిలో దువ్వెన ఉండదుగానీ ఎర్రమట్టి, నల్లమట్టి, గులకరాళ్లు మాత్రం ఎప్పుడూ ఉంటాయి. పంతొమ్మిదేళ్లుగా ఆ బడిలో చిన్న తరగతికి ఆవిడే పాఠాలు చెబుతోంది. పేరు ఏమిటో పిల్లల తల్లులకు కూడా గుర్తులేదు. "ఈవిడ సంచి దులిపితే అరెకరం పండుతుంది" అని తోటి టీచర్లు ఎగతాళి చేసేవారు. ఆవిడా నవ్వేసేది. పిల్లల వేళ్లకు మట్టి అంటకుండా భూమి గురించి చెప్పడం ఆవిడకు చేతకాదు.

ఆ సోమవారం నీళ్ల పాఠం. అడుగు కోసిన సీసాను తలకిందులుగా నిలబెట్టి, మూతి దగ్గర గుడ్డపీలిక, దానిమీద బొగ్గు, ఇసుక, గులకరాళ్లు పేర్చింది. పైన బురదనీళ్లు పోస్తే కింద తేటనీళ్లు చుక్కచుక్కగా దిగాయి. పిల్లలు నోళ్లు తెరుచుకుని చూశారు. ఇవి తాగొచ్చా అని ఎవరో అడుగుతుండగానే అన్నం గంట కొట్టారు. రేపు చెబుదామనుకుంది. మర్నాడు రాళ్ల పాఠంలో పడి మరిచిపోయింది.

బుధవారం వీధి కుళాయి రాలేదు. తరగతిలో అందరికంటే చిన్నది, అందరూ బుడంకాయ అని పిలిచే పిల్ల, బడి వదిలాక ఇంట్లో తమ్ముడితో ఉంది. తల్లి అద్దకం మిల్లులో పనికి వెళ్లింది. అమ్మమ్మకు చూపు ఆనదు. ఏడాదిన్నర పిల్లాడు దాహానికి గుక్కపట్టి ఏడుస్తుంటే, బుడంకాయ మిల్లు వెనక కాలవ నీళ్లు తెచ్చి, టీచరు చూపినట్టే వడకట్టి తాగించింది. శుక్రవారం పిల్లాడు ఆసుపత్రిలో పోయాడు.

పిల్ల నీళ్లు వడకట్టిన సంగతి బడి ఆయా నోట విని, పెద్ద టీచరు తలుపు వేసి మరీ చెప్పింది, ఆ ఇంటి ఛాయలకు పోవద్దని, పాఠం సంగతి బయటపడితే బడి మూతపడుతుందని. మట్టి టీచరు తలూపింది. కానీ అమ్మమ్మ పొద్దస్తమానం "తమ్ముణ్ణి మింగావు కదే" అని పిల్లను తిట్టిపోస్తోందని ఆయా చెప్పాక, ఆవిడ అన్నం గిన్నె పక్కకు నెట్టేసింది. శనివారం మధ్యాహ్నం ఆ ఇంటికి వెళ్లింది.

గడపలోనే పిల్ల కొంగు పట్టుకుని మెల్లగా అడిగింది.

"ఇసుక తక్కువేశానా టీచర్?"

టీచరు అక్కడే గడపలో కూర్చుంది. లోపల ఉన్న ఇద్దరికీ వినబడేలా చెప్పింది.

"నువ్వు సరిగ్గానే వేశావమ్మా. తప్పు నాది. బురద పోతుందని చూపించాను. విషం పోదని చెప్పలేదు. తాగకూడదని చెప్పలేదు."

శాపనార్థాలు పెడతారనుకుంది. అమ్మమ్మ గోడవైపు తిరిగింది. తల్లి గోళ్లలో ఇంకిన నీలిరంగును చూసుకుంది. తర్వాత తడి లేని గొంతుతో అడిగింది.

"ఆ పాఠం ఇంకా ఎంతమంది విన్నారు?"

"ఇరవై ఒక్కమంది."

"మరి ఇక్కడ కూర్చున్నారేంటి?"

టీచరు లేచింది. పక్కింటితో మొదలుపెట్టి, ప్రతి గడపలోనూ ముందు పిల్లాడి చావు, తర్వాత తన తప్పు, ఆ తర్వాత నీళ్ల సంగతి చెప్పింది. ఐదో ఇంటాయన సగంలోనే తలుపు మొహాన వేశాడు. మిగిలిన సగం మూసిన తలుపుకే గట్టిగా చెప్పి, ఆరో ఇంటికి నడిచింది.