ఫోను వదిలి బజారుకు

కాలేజీలో ఆమెను అందరూ లాయరమ్మ అనేవారు. చదివింది మాత్రం మార్కెటింగ్. అరమార్కు తగ్గినా లెక్చరరు గది ముందు నిలబడి, వాదించి రాబట్టుకునేది. అదే తరగతిలో అడుగుల చప్పుడైనా వినిపించనంత నెమ్మదైన అబ్బాయి ఒకడుండేవాడు. అతణ్ణి పిల్లి అనేవారు. గోడలకు వేసే రంగులు తయారుచేసే ఒకే కంపెనీలో ఇద్దరికీ ఉద్యోగాలు వచ్చాయి.

మొదటిరోజే మేనేజరు కొత్తవాళ్లను రెండుగా విడదీశాడు.

"మగపిల్లలు బజారుకు వెళ్లండి. దుకాణాలవాళ్లతో బేరాలు, ఆర్డర్లు మీ పని. ఆడపిల్లలు ఫోన్ల దగ్గర కూర్చుని కస్టమర్లను బుజ్జగించండి."

గోడమీది రంగు పొరలుగా లేచిపోతోందని ఒకాయన ఫోనులో మొత్తుకున్నాడు. "తడి గోడకు వేస్తే లేవకేం చేస్తుంది సార్? డబ్బా మీద రాశాం కదా!" అనేసింది లాయరమ్మ. చెప్పింది నిజమే. కానీ ఆయన మండిపడి నేరుగా మేనేజరుకే ఫోను చేశాడు.

"ఆడపిల్లవి, కాస్త మెత్తగా మాట్లాడలేవా?" అన్నాడు మేనేజరు.

పిల్లి పరిస్థితి ఇంకా అన్యాయం. వేరే కంపెనీ వాళ్లు చౌకగా ఇస్తున్నారని దుకాణదారు అంటే, "నిజమేనండీ, మీకూ కష్టమే పాపం" అని ఓదార్చి ఉత్తచేతులతో వచ్చేవాడు.

"మగాడివి, ఆ మాత్రం గట్టిగా అడగలేవా?" అని అతనికీ అక్షింతలు పడ్డాయి.

"మన తిట్లు తారుమారైనట్టున్నాయి" అని భోజనాల దగ్గర లాయరమ్మ నవ్వింది. పిల్లి నవ్వలేదు.

"రేపట్నుంచి రాను. నావల్ల కాదు."

"ముందు తిను. మానెయ్యడానికి ఎప్పుడైనా మానెయ్యొచ్చు."

ఆ వారంలోనే పెద్ద దుకాణం యజమాని ఒకాయన చిందులు తొక్కుతూ ఆఫీసుకు వచ్చాడు. తన దుకాణానికి ఎదురుగానే ఇంకొకరికి సరుకు ఇచ్చారని ఆయన కోపం. ఆ సమయానికి మేనేజరు ఆఫీసులో లేడు.

"మగవాళ్లెవరూ లేరా అమ్మాయ్?" అన్నాడాయన లాయరమ్మతో.

"ఉన్నారు బాబాయ్‌గారూ. కానీ మీతో పోట్లాడగలిగేది నేనే. కూర్చోండి."

ఆయన తెల్లబోయి కూర్చున్నాడు. ఈలోగా ఆమె బల్ల మీద ఫోను మోగితే, అక్కడే ఉన్న పిల్లి ఎత్తాడు. కోరిన రంగు రాలేదని ఒక పెద్దావిడ గోల. "ఊఁ, చెప్పండి పెద్దమ్మా" అంటూ, ఆవిడ కోడలి సంగతులతో సహా అన్నీ విన్నాడు.

ఇటు లాయరమ్మ అడిగింది: "అడిగిన రంగు అక్కడికక్కడే కలిపిచ్చే యంత్రం మీ దగ్గరే ఉంది, ఎదుటివాళ్లకు లేదు. ఆ మాట మీ బోర్డు మీద ఎక్కడైనా ఉందా? ధర తగ్గించను. కొత్త బోర్డు మాత్రం మేమే పెట్టిస్తాం."

మేనేజరు తిరిగొచ్చేసరికి యజమాని ఆర్డరు రాయిస్తున్నాడు. ఫోనులో పెద్దావిడ పిల్లిని దీవిస్తోంది.

"మమ్మల్ని ఇలాగే ఉండనివ్వండి సార్, నేను బజారుకు, ఇతను ఫోనుకు. తేడా వస్తే అప్పుడు తిట్టండి" అంది లాయరమ్మ. ఆయన బుర్ర గోక్కుని సరేనన్నాడు.

బజారు ఆమెకు ఎర్ర తివాచీ ఏమీ పరవలేదు. కొందరు ఆమె అడిగినదానికి పక్కనున్న కంపెనీ వ్యాను డ్రైవరు మొహం చూసి జవాబు చెప్పేవారు. ఆడవాళ్లకు మరుగుదొడ్డి దొరకడమే గగనం. "ఎండలో ఈ తిరుగుళ్లేమిటే? మొహం చూడు ఎలా అయిపోయిందో!" అని తల్లి గొణిగేది. ఒకసారి వ్యాను వెనక నిలబడి ఏడ్చింది కూడా. మొహం కడుక్కుని తర్వాతి దుకాణం మెట్లెక్కింది.

ఏళ్లు గడిచాయి. ఆమె మేనేజరైంది. పిల్లి కస్టమర్ల విభాగానికి పెద్ద అయ్యాడు. ఆ ఏడు చేరిన ఒకమ్మాయిని ఆమె పట్టుబట్టి బజారుకు పంపింది. కొన్నాళ్లకు ఆ పిల్ల కళ్లనీళ్లతో వచ్చింది.

"మేడమ్, నాకు ఫోనే ఇష్టం. ఆడపిల్లనని కాదు. ఎవరి బాధైనా వినడం నాకు బాగుంటుంది."

లాయరమ్మ కుర్చీలోంచి లేచింది. ఆ అమ్మాయిని తీసుకుని పిల్లి గదికి వెళ్లింది.

"ఏడిపించావా?" అన్నాడతను.

"కాస్త. మన పాత మేనేజరు చేసిందే నేనూ చేశాను, అటూ ఇటూ మార్చి."

తర్వాతి ఏడు నుంచి కొత్తవాళ్లందరూ రెండుచోట్లా పనిచేసి, ఎవరికి నచ్చింది వాళ్లే ఎంచుకోవాలని ఇద్దరూ కలిసి నిర్ణయించారు. ఎంపికలు పూర్తయ్యాక మొదటి ఉదయం బజారు కోరుకున్నవాళ్లను వ్యానెక్కించడానికి ఆమె కిందికి వెళ్లింది. అబ్బాయిలూ అమ్మాయిలూ కిటికీ సీటు కోసం కొట్టుకుంటున్నారు.