సగం మందే లేస్తారనుకున్నాను

కరోనా తగ్గి ఆటల పోటీలు మళ్ళీ మొదలైన రెండో ఏడాది, కార్తీకం చివర. తెనాలిలో ఒక కాలేజీ గ్రౌండు. బాపట్ల జట్టుకీ రేపల్లె జట్టుకీ ఫుట్‌బాల్ ఫైనల్. ఆ పోటీలకు గ్యాలరీలు కట్టినవాణ్ణి నేను.

మాది షామియానా సప్లై పని. పెళ్ళిపందిళ్ళు, సభలకు స్టేజీలు, ఆటలకు గ్యాలరీలు. ఇరవై ఆరేళ్ళుగా ఇదే మాకు అన్నం పెడుతోంది. ఆట గురించి నన్నడిగితే పెద్దగా చెప్పలేను. జనం గ్యాలరీ మీద కూర్చుని ఆట చూస్తుంటే, నేను గ్యాలరీ కింద నిలబడి వాళ్ళ కాళ్ళు చూస్తుంటాను. చెక్కల సందుల్లోంచి వేరుశనగ తొక్కలు నెత్తిన రాలుతుంటాయి. ఎంతమంది ఒకేసారి లేస్తున్నారు, ఎంతమంది ఒకేసారి కూలబడుతున్నారు అన్నదే నాకు కావాలి.

ఎందుకంటే గ్యాలరీకి మనుషుల బరువు పెద్ద లెక్క కాదు. కూర్చున్న మనిషిని అది రోజంతా మోస్తుంది. దానికి పడనిది ఊపు. నిలువు పైపులనూ అడ్డ పైపులనూ క్లాంపులు పట్టి ఉంచుతాయి. క్లాంపంటే రెండు పైపులను కలిపి బిగించే ఇనుప పట్టీ. నిలువు పైపుల మధ్య ఏటవాలుగా వేసే పైపును బ్రేసింగ్ అంటాం. కట్టడం పక్కకు ఊగకుండా ఆపేది అదే. నాలుగొందల మంది కలిసి గెంతితే ఆ ఊపంతా బ్రేసింగ్ మీదే పడుతుంది.

ఆ మ్యాచ్‌కి గ్రౌండుకు తూర్పున ఒకటి, పడమర ఒకటి, రెండు గ్యాలరీలు కట్టాను. తూర్పుది బాపట్లవాళ్ళకు, పడమరది రేపల్లెవాళ్ళకు. అంతకు ముందేడు ఒకే చోట నిలబెడితే ఈ రెండూళ్ళవాళ్ళూ నీళ్ళ సీసాలు విసురుకున్నారు. నావి పద్దెనిమిది కుర్చీలు విరిగాయి. అందుకే ఎస్సై గారు ఈసారి ముందే చెప్పేశారు, గొడవ జరిగిందా, ఇక ఈ పోటీలకు పర్మిషన్ ఉండదని.

ఫైనల్ రోజు తెల్లవారుజామున వాన పడింది. తొమ్మిదింటికి వెళ్ళి చూస్తే తూర్పు గ్యాలరీ కింద నల్లమట్టి ముద్దయింది. పైపుల కింద వేసిన బేస్ ప్లేట్లు, అంటే నేలలో దిగబడకుండా వేసే ఇనుప పలకలు, జానెడు దిగిపోయాయి. దాని మీద పిల్లినైనా ఎక్కించనని చెప్పేశాను. పడమరది గట్టి నేల మీద ఉంది, దానికేం కాలేదు.

పోటీలు నడిపేది ఒక రిటైర్డ్ పీడీ గారు. వ్యాయామ పాఠాలు చెప్పి చెప్పి గొంతు బొంగురుపోయిన మనిషి. ఆయన నెత్తిన చెయ్యి పెట్టుకున్నారు.

“ఇప్పుడు మ్యాచ్ ఆపుతానంటే ఎట్లాగయ్యా? రేపల్లె బండి దిగి ఒకళ్ళు, బాపట్ల బండి దిగి ఒకళ్ళు వచ్చేస్తుంటారు. ఆట లేదంటే స్టేషన్ దగ్గరే కలబడతారు.”

ఎస్సై గారు కబురందుకుని వచ్చారు. “ఉన్న గ్యాలరీలో చెరి సగం ఇవ్వండి. మధ్యలో తాడు కట్టి మావాళ్ళను నిలబెడతాను” అన్నారు.

“వద్దండి” అన్నాను. “ఒక ఊరివాళ్ళంతా ఒక పక్కనుంటే గోలు పడ్డప్పుడు ఆ పక్కవాళ్ళంతా ఒక్కసారే లేస్తారు. ఊపంతా ఒకే వైపు పడుద్ది. ఒకడు విడిచి ఒకణ్ణి కూర్చోబెడదామండి. గోలు ఎవరిదైనా సగం మందే లేస్తారు, అదీ చెల్లాచెదురుగా.”

“పక్కపక్కన కూర్చోబెడతారా? పీకలు పిసుక్కోవడానికా?”

నాకు పెళ్ళిళ్ళలో తెలిసిన సంగతి ఒకటుంది. మగపెళ్ళివారందరినీ ఒకే బంతిలో కూర్చోబెడితే ఒకడు పప్పులో ఉప్పు లేదంటాడు, రెండోవాడు అవునంటాడు, మూడోవాడు విస్తరి ముందునుంచి లేస్తాడు. అదే ఆడపెళ్ళివారి మధ్యన ఒక్కొక్కణ్ణి ఇరికిస్తే, ఉప్పు లేకపోయినా నోరు మూసుకుని తిని లేస్తాడు. తనవాడు పక్కన లేనివాడికి అంత పౌరుషం రాదు. ఇదే ఎస్సై గారికి చెప్పాను. ఆయన నవ్వలేదు.

“మీ పూచీయేనా?”

“నా పూచీయేనండి.”

“అయితే రాసివ్వండి. గ్యాలరీ గట్టిదనీ, ఏం జరిగినా బాధ్యత మీదనీ.”

రాసి, సంతకం పెట్టి ఇచ్చాను. మ్యాచ్ జరగడమూ, నాలుగొందల మంది ప్రాణాలూ ఆ కాగితం మీదికి వచ్చాయి. అప్పటికి టైము పదకొండు. మస్తాన్ మేస్త్రి నా దగ్గర పదిహేనేళ్ళుగా ఉన్నవాడు. పక్కకు పిలిచాడు.

“అన్నా, తూర్పు గ్యాలరీ ఎట్లాగూ మూసేశాంగా. దాని బ్రేసింగులు ఊడదీసి దీనికి వేద్దాం. రెండు గంటల పని.”

“ఎందుకురా మస్తానూ, సగం మందేగా లేచేది” అన్నాను.

నేను అన్నం తినడానికి వెళ్ళాను.

రెండు గంటల నుంచి గేటు దగ్గర రెండు లైన్లు పెట్టి, ఇటునుంచి ఒకరిని, అటునుంచి ఒకరిని లోపలికి వదిలాం. సణుగుడే సణుగుడు. బావమరిదిని విడదీశారని ఒకడు, పక్కవాడి దగ్గర సారా వాసనని ఒకడు. యాభై ఏళ్ళావిడ ఒకామె నా మీదికే వచ్చింది. పేరు భారతి, బాపట్ల గోల్‌కీపర్ తల్లి.

“మావాళ్ళ మధ్యన కూర్చుంటే నాకు ధైర్యంగా ఉండేదిగా. ఈ రేపల్లె పెద్దాయన పక్కన వేశారేంటండీ?”

ఆ పెద్దాయన కోటేశ్వరరావు గారు, రిటైరైన ఆర్టీసీ డ్రైవరు. “నేనేం కరవనులేమ్మా, కూర్చో” అన్నారు. ఇద్దరినీ అన్నిటికన్నా పై వరసలో వేశాం.

ఆట మొదలైంది. కింద నుంచి చూస్తే మోకాళ్ళు దగ్గరికి పెట్టుకుని, ఒకరికొకరు తగలకుండా కూర్చున్నారు. రైల్లో రిజర్వేషన్ లేకుండా ఎక్కినవాళ్ళలాగా ఉన్నారు. ఇరవయ్యో నిమిషంలో రేపల్లెవాళ్ళు గోలు కొట్టారు. ఒక జత కాళ్ళు లేచాయి, పక్క జత లేవలేదు, మళ్ళీ ఒకటి లేచింది. క్లాంపు ఒక్కటి కూడా కిర్రుమనలేదు. నా తెలివికి నేనే మురిసిపోయాను.

ఇంటర్వెల్‌లో పీడీ గారు వచ్చారు. ముఖం వాడిపోయి ఉంది.

“ఆట చప్పబడిపోయిందయ్యా. గోలు కొడితే అరిచేవాడు లేడు. బాపట్ల కెప్టెన్ వచ్చి, మావాళ్ళు రాలేదా సార్ అని అడుగుతున్నాడు. పది గొంతులు ఒకచోట ఉంటేగా కేక. ఇట్లా విడదీస్తే వినపడేది దగ్గే.”

నిజమే. కలిపి కూర్చోబెడితే గొడవతో పాటు హుషారు కూడా పోతుంది. ఆటగాళ్ళకు అది కావాలి. నాకు మాత్రం హాయిగా ఉంది. గ్యాలరీలు కట్టేవాడికి నిశ్శబ్దం కంటే ఏం కావాలి?

రెండో సగంలో మెల్లగా మాటలు మొదలయ్యాయి. వేరుశనక్కాయల పొట్లాలు చేతులు మారాయి. పై వరస నుంచి కోటేశ్వరరావు గారి గొంతు వినిపిస్తోంది.

“ఆ గోల్‌కీపర్ మీ అబ్బాయా అమ్మా?”

“అవునండి. మా రెండోవాడు. పొద్దున్నుంచి ఏం తినలేదండి.”

“ఆకలి మీద కూడా బాగానే ఆపుతున్నాడే! మా కుర్రాడి షాటు ఆపడమంటే మాటలు కాదు.”

“షాటంటారా అన్నయ్యగారూ? మీవాడు బంతిని తన్నట్లేదు, పరామర్శిస్తున్నాడు.”

ఆ వరసంతా గొల్లుమంది, రేపల్లెవాళ్ళతో సహా. ఆ గోల్‌కీపర్ ఈవిడ కొడుకేనన్న మాట వరస నుంచి వరసకు దిగి కింది దాకా వచ్చింది. బాపట్లవాళ్ళు గోలు కొట్టి ఒకటి ఒకటి చేశారు. మళ్ళీ సగం కాళ్ళే లేచాయి. నేను బీడీ ముట్టించుకున్నాను.

ఆఖరి రెండు నిమిషాలు. రేపల్లె కుర్రాడు దూరం నుంచి బలంగా కొట్టాడట. నేను చూడలేదు. భారతి కొడుకు గాలిలో అడ్డంగా ఎగిరి వేలి కొసలతో బంతిని బయటికి నెట్టేశాడట. నేను విన్నది మాత్రం నాలుగొందల మంది ఒక్కసారిగా ఊపిరి పీల్చిన చప్పుడు. వెంటనే కోటేశ్వరరావు గారి కేక.

“లేవండ్రా! తల్లి పక్కన కూర్చుని చప్పట్లు కొట్టకపోతే ఎట్లా! లేవండి!”

లేచారు, అందరూ. రెండూళ్ళవాళ్ళూ కలిసి చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లు తాళంలోకి వచ్చాయి. చేతులకు తోడు కాళ్ళు కలిశాయి. దబ్, దబ్, దబ్ అని నాలుగొందల మంది ఒకే అడుగు. పీడీ గారు కోరుకున్న కేక అదే. నా నోట్లో బీడీ కింద పడింది.

గ్యాలరీ ఉత్తరానికి ఊగింది, దక్షిణానికి ఊగింది. మూడో ఊపుకి నా తలకు రెండడుగుల దూరంలో టక్కుమని ఒక క్లాంపు జారింది. మస్తాన్ రెండు చేతులతో ఆ పైపును కౌగిలించుకున్నాడు.

“అన్నా, జారింది! ఆపించు!”

చచ్చాంరా బాబూ అనుకున్నాను. అయినా ఒక్కటి తెలుసు. మైకులో గ్యాలరీ కదులుతోందని చెప్పామా, అందరూ ఉన్న రెండు మెట్లదార్ల మీద పడతారు. ఊపులో పోనివాళ్ళు తొక్కిసలాటలో పోతారు. పరిగెత్తుకెళ్ళి పీడీ గారి చేతిలో మైకు లాక్కున్నాను. నోటికి ఏదొస్తే అది అన్నాను.

“పేపరువాళ్ళు ఫొటో తీస్తున్నారండి! గ్యాలరీ మొత్తం పడాలంట! వెనక వరసలు కనపడట్లేదు, అందరూ కూర్చోండి! కూర్చుంటేనే పడేది!”

మనవాళ్ళు దేవుడు చెప్పినా వింటారో లేదో గానీ, ఫొటో అంటే వింటారు. పై వరస ముందు కూర్చుంది. తరవాత మిగతావాళ్ళు జుట్టు సర్దుకుంటూ, చొక్కాలు లాక్కుంటూ కూర్చున్నారు. ఊపు ఆగింది. మస్తాన్ స్పానర్‌తో క్లాంపు బిగించి మోకు చుట్టాడు.

అప్పటికి ఆట సమానంగా ముగిసింది. ఇక పెనాల్టీలు. పెనాల్టీలప్పుడు ఎవడూ కూర్చోడని ఆటలు తెలియని నాకు కూడా తెలుసు. ఎస్సై గారి దగ్గరికి వెళ్ళి ఉన్నమాట చెప్పేశాను. ఆయన నన్ను కిందికీ పైకీ చూశారు.

“కాగితం మీద సంతకం మీదేగా?”

“నాదేనండి. అరెస్టు తరవాత చేద్దురు గానీ, ముందు జనాన్ని దించండి.”

పెనాల్టీలు దగ్గర నుంచి చూడొచ్చు, కింది వరస నుంచి ఒక్కో వరసా దిగి గీత బయట గడ్డిలో కూర్చోండి అని పీడీ గారు మైకులో చెప్పారు. సంబరంగా దిగారు. నేను మళ్ళీ కిందికి దూరి, మస్తాన్‌తో పాటు ఆ జారిన పైపు పట్టుకుని, ఆఖరి మనిషి నేల మీద కాలు పెట్టేదాకా వదల్లేదు. గడ్డిలో ఎవరి ఊరివాళ్ళ దగ్గర వాళ్ళు కూర్చోవచ్చు, ఎవరూ ఆపలేదు. కానీ గ్యాలరీలో పక్కనున్నవాళ్ళతోనే కూర్చున్నారు ఎక్కువమంది.

రేపల్లె గెలిచింది. గొడవ జరగలేదు. భారతి కాసేపు ఏడ్చి, కొడుకు చేత ఇడ్లీ తినిపించింది.

పైపులు ఊడదీస్తుంటే కోటేశ్వరరావు గారు వచ్చారు. బండికి టైమవుతున్నా వచ్చారు.

“ఫొటో అబద్ధమేగా బాబూ?”

నేను స్పానర్ పక్కన పెట్టాను.

“ముప్పై ఏళ్ళు బస్సు నడిపాను. కింద ఏ నట్టు వదులైందో సీటుకే తెలుస్తుంది. నువ్వు కూర్చోమనగానే ఆవిడ చెయ్యి పట్టుకుని లాగాను, అటుపక్కవాడి చొక్కా లాగాను.” ఖాళీ గ్యాలరీ వైపు చూశారు. “లేవమన్నది నేనేగా. నాలుగొందల మందిని నేనే లేపాను. ఏదన్నా అయ్యుంటే ఆ పాపం నాదే అయ్యేది.”

తూర్పు గ్యాలరీ వైపు చెయ్యి చూపించాను.

“పాపం మీది కాదండి. ఆ పైపులు పొద్దున్నుంచీ అక్కడే ఉన్నాయి. వేద్దామని మస్తాన్ అన్నాడు, నేనే వద్దన్నాను.”

“ఎందుకు వద్దన్నావు?”

“మీరందరూ కలిసి లేస్తారనుకోలేదండి.”

ఆయన ఆ పైపుల కేసి చూశారు. తిట్టుంటే బాగుండేది. బండికి టైమైందని స్టేషన్ వైపు వెళ్ళిపోయారు.

ఎస్సై గారు కేసు పెట్టలేదు. పోటీలకు పర్మిషన్ ఆగలేదు. ఏటా పీడీ గారు జనాన్ని కలిపే కూర్చోబెడుతున్నారు. మొదటి అరగంట చప్పగానే ఉంటుందనీ, ఆ తరవాత వచ్చే కేక వేరనీ అంటారు. అది వారి శాస్త్రం. నాకు తెలిసింది చిన్నది. ఆ రెండూళ్ళ పగను నేను ఒక బ్రేసింగ్ పైపు కింద లెక్కవేసుకున్నాను, ఎప్పటికీ జారదని. గంటన్నర పక్కపక్కన కూర్చుంటే చాలు, అది జారిపోయింది. ఇప్పుడు ఎవరెవరిని ఎక్కడ కూర్చోబెడతారని నేను అడగను. అందరూ ఒక్కసారే లేస్తారనుకుని కడతాను, కట్టాక మస్తాన్‌ను పిలిచి ఇంకేమైనా వెయ్యాలా అని అడుగుతాను.