ఇంజన్ ఆపి చూసిన ఆయిల్

నిన్న పొద్దున నా షెడ్డుకి ఒక ఆటోమేటిక్ కారు వచ్చింది. గేరు జారుతోందన్నారు. బానెట్ ఎత్తి ఆయిల్ కొలిచే డిప్‌స్టిక్ లాగానో లేదో, మాడిపోయిన గేర్ ఆయిల్ వాసన గుప్పుమంది. అందరికీ అది ఉత్త వాసనే. నాకు మాత్రం ఇప్పటికీ అరచేతులు చెమరుస్తాయి. నేను పుట్టు పిరికివాణ్ణి, అందులో దాచేదేమీ లేదు. ఇంటికి తాళం వేసి వీధి చివరదాకా పోయి, మళ్లీ వెనక్కొచ్చి లాగి చూసే రకం. అయినా ఈ వాసన తెచ్చే భయం వేరు. దాని వెనక మస్తాన్ మామ ఉన్నాడు.

మాచర్లలో నేను పనిచేసే ట్రాక్టర్ల షెడ్డు మూతపడితే, పెళ్లాం బిడ్డలతో నరసరావుపేట వచ్చి మెకానిక్ మస్తాన్ వలి దగ్గర చేరాను. అప్పటికి నాకు ముప్పై దగ్గర పడింది. ఊళ్లో అందరూ ఆయన్ని మామ అనేవాళ్లు, నేనూ అదే పిలుపు పట్టుకున్నాను. సన్నటి మనిషి, నెరిసిన గడ్డం, ఎప్పుడూ ఉతికిన చొక్కా. షెడ్డుకి వచ్చిన బండిని ఆయన వెంటనే విప్పడు. ముందు ఓనర్నే నడపమని తను పక్కన కూర్చుంటాడు. రోడ్డు వంక కాదు, ఓనర్ వంక చూస్తూ కూర్చుంటాడు. ఎందుకు మామా అని ఒకసారి అడిగాను. "బండి ఏం చెప్పుద్దో తర్వాత చూద్దాం. బండాయన ఏం దాస్తన్నాడో ముందు తెలవాల గదరా" అన్నాడు. నవ్వుకుని ఊరుకున్నాను. ఆ మాట నాకూ వర్తిస్తుందని అప్పుడు తట్టలేదు.

అలా ఉండగా మాచవరం నుంచి నాగేశ్వరరావు గారనే రైతు ఎర్రటి స్పోర్ట్స్ కారు ఒకటి తెచ్చాడు. రెండే తలుపులు, రెండే సీట్లు, ఇరవై ఏళ్ల నాటి బండి, పైగా ఆటోమేటిక్. చనిపోయిన తమ్ముడు ముచ్చటపడి కొనుక్కున్న కారట, అమ్మబుద్ధి కాక ఉంచుకున్నాడు. చల్లగా ఉన్నంతసేపు బాగానే పోతుంది. ఇరవై కిలోమీటర్లు దాటి వేడెక్కిందంటే ఇంజన్ అరుస్తుంది గానీ బండి ముందుకి లాగదు. మామ ఆయన పక్కన కూర్చుని ఎడ్లపాడు దాకా పోయి వచ్చాడు. రాగానే ఇంజన్ ఆపనివ్వలేదు. గేరు లీవర్ని అన్ని స్థానాల్లోకీ ఒకసారి తిప్పించి, పార్కింగ్‌లో పెట్టించి, డిప్‌స్టిక్ తీసి తెల్ల గుడ్డ మీద చుక్క వేశాడు. ఎర్రగా ఉండాల్సిన ఆయిల్ కాఫీ డికాక్షన్ రంగులో ఉంది.

"గేర్‌బాక్స్ పోలేదు, ఆయిల్ చల్లబడే దారి మూసుకుపోయింది" అన్నాడు మామ. అదే నిజమైంది. రేడియేటర్ దగ్గరి సన్న పైపు మడ్డితో పూడుకుపోయి ఉంది. పైపు కడిగి, గేర్‌బాక్స్ అడుగునుండే ఆయిల్ పాన్ దించి ఫిల్టర్ మార్చి, కొత్త ఆయిల్ పోశాం. మూడు రోజులు తిప్పి చూశాం, ఒక్కసారి కూడా జారలేదు.

నాలుగో రోజు శుక్రవారం. మామ జుమ్మా నమాజుకు వెళ్లాడు. సాయంత్రం రావాల్సిన నాగేశ్వరరావు గారు మధ్యాహ్నమే వస్తున్నానని ఫోన్ చేశాడు. బండి అప్పగించే ముందు ఇంకొక్కసారి ఆయిల్ చూద్దామని నా భయం నన్ను పొడిచింది. ట్రాక్టర్‌లో ఇంజన్ ఆయిల్ చూడాలంటే బండి ఆపి, కాసేపు ఆగి చూస్తాం. పదేళ్లు చేసిన అలవాటు, చేతులు వాటంతటవే పోయాయి. ఇంజన్ తిప్పకుండానే డిప్‌స్టిక్ తీశాను. ఆయిల్ గీత దాటి చానా పైకి ఉంది. ఎక్కువ పోశాం, సీళ్లు పోయి ఆయిల్ కారుతుందేమోనని భయపడి, లీటరు పైనే పంపుతో తోడేశాను. కాసేపటికి ఆయన కాలేజీ చదివే కూతుర్ని వెంటబెట్టుకుని వచ్చి కారు తీసుకుపోయాడు.

మామ రాగానే గొప్పగా చెప్పాను. ఆయన టోపీ తీస్తున్నవాడల్లా ఆగిపోయాడు.

"ఇంజన్ తిరుగుతుండగా చూశావా?"

"లేదు మామా, ఆపే చూశా."

"ఆపితే పైనున్న ఆయిలంతా పాన్‌లోకి దిగుద్ది గదరా. ఎక్కువున్నట్టు కనపడుద్ది. మొన్న నేను ఎట్టా చూశానో నీ ఎదురుగానే గదా."

ఆయిల్ తక్కువైతే వేడి మీద గేరు జారుతుంది. మాచవరం పోయే పిడుగురాళ్ల రోడ్డంతా సున్నం లారీలు, సిమెంటు లారీలు. లారీని దాటే వేళ బండి లాగకపోతే? ఫోన్ చేశాం, ఎత్తలేదు. మళ్లీ చేశాం, ఎత్తలేదు. మామ ఆయిల్ డబ్బా, గరాటు నా చేతికిచ్చి బైకు తీశాడు.

ఆ ప్రయాణం తలుచుకుంటే ఇప్పటికీ నిద్ర పట్టదు. ఎదురుగా ఎర్రది ఏది కనపడినా అదేనేమో అనిపించేది. రోడ్డు పక్కన నలుగురు గుమిగూడి కనిపిస్తే కళ్లు మూసుకున్నాను. అంత భయంలోనూ నా బుర్ర ఇంకో పని చేస్తూనే ఉంది. పాత బండి, ఏదో సీలు పోయి ఆయిల్ కారిందండీ అందాం. ఎవరు కాదంటారు? నకరికల్లు దాటేసరికి ఆ అబద్ధం అచ్చం నిజంలా తయారై కూర్చుంది.

ఇంకాస్త ముందుకు పోయాక కారు కనిపించింది. చెట్ల కింద, దెబ్బేమీ తగలకుండా నిలబడి ఉంది. నాగేశ్వరరావు గారు బానెట్ ఎత్తి చూస్తున్నాడు. కూతురు రాయి మీద కూర్చుని వాంతి చేసుకుంటోంది. మామ దూరంగానే బైకు ఆపి, నా చేతిలో డబ్బా తీసుకున్నాడు.

"పోయి చెప్పు."

"నువ్వు కూడా రా మామా."

"నేనొస్తే నా వెనక నిలబడతావు. దారి పొడుగునా ఏందో అల్లుకుంటా వచ్చావు, నాకు తెలవదనుకున్నావా? అది నోట్లోంచి రాకముందే పో" అని వీపు మీద చెయ్యి వేసి ముందుకు తోశాడు.

మాడిన ఆయిల్ వాసన గుప్పుమంటుంటే వెళ్లి చెప్పాను. ఆయిల్ తప్పుగా చూశాను, నేనే తోడేశాను, తప్పు నాది, బండిది కాదు అన్నాను. కొడతాడనుకున్నాను. కొట్టినా బాగుండేది. ఆయన నా మొహంలోకి చూసి, "లారీని దాటతా ఉంటే ఇంజన్ అరిచింది, బండి లాగలా. ఎదురు బస్సు. నా బిడ్డ పక్కన కూచోనుందయ్యా" అన్నాడు. గొంతు పెంచలేదు. నా బతుకులో అంత సిగ్గు ఎప్పుడూ పడలేదు.

మామ వచ్చి ఇంజన్ తిప్పించి, కొంచెం కొంచెంగా ఆయిల్ నాతోనే పోయించాడు. కూతుర్ని బస్సెక్కించాక, నాగేశ్వరరావు గారిని పక్కన కూర్చోబెట్టుకుని మాచవరం దాకా నేనే నడిపాను. మామ బైకు మీద వెనకే వచ్చాడు. ఆ తర్వాత ఆ పెద్దమనిషి ఎప్పుడూ మా షెడ్డుకి రాలేదు. నిజం చెబితే క్షమిస్తారని కథల్లో ఉంటుందేమో, నాకైతే జరగలేదు.

మామ ఆఖరి రోజుల్లో మంచం పట్టాడు. ఒక సాయంత్రం నేను జావ తాగిస్తుంటే ఉన్నట్టుండి అన్నాడు. "శీనా, ఎడ్లపాడు కోటయ్య ఎరికేగా? కుంటుకుంటా నడుస్తాడు. వయసులో ఉన్నప్పుడు ఆయన ట్రాక్టర్‌కి బ్రేకు రాడ్డు వేసి, నట్టు బిగించడం మరిచా. కాలవలో పడ్డాడు. తన కాలే బ్రేకు మీద సరిగ్గా పడలేదనుకున్నాడు, నేను గమ్మునున్నా. ముప్పై ఏళ్ల నించీ పండక్కి సేమ్యా పంపిస్తన్నా. తిని, బాగుందని కబురు పెడతాడు." కోటయ్య గారికి చెప్పమనీ అనలేదు, చెప్పొద్దనీ అనలేదు. నెల తిరక్కముందే వెళ్లిపోయాడు.

నిన్న ఆ ఆటోమేటిక్ కారు వెనకాలే కోటయ్య గారు ఊళ్లోకి వచ్చాక ఆగిపోయిన స్కూటర్ తోసుకుంటూ వచ్చాడు. స్టూలు మీద కూర్చుని కుంటి కాలు చాపుకుని, "మస్తాన్ లాంటోడు మళ్లా పుట్టడయ్యా. నేను చూసుకోక కాలవలో పడితే నెలరోజులు ఆసుపత్రికి తిరిగాడు" అన్నాడు. అవునండీ అన్నాను. ఇంకేదో అనబోయి, రేపు రండి, బండి రెడీగా ఉంటుంది అన్నాను. రాత్రంతా ఆ కాలే కళ్ల ముందుంది. స్కూటర్ అయిపోయింది, బయట పెట్టాను. ఇంకాసేపట్లో ఆయన వస్తాడు. వీపు మీద చెయ్యి వేసి తోయడానికి మామ లేడు.